తొంభై ఏళ్ళు దాటిన విశాఖ రేవు

విశాఖపట్నం హార్బరు ఇవాళ ఉన్న చోట వందేళ్ళ క్రితం బురద, ఉప్పునీళ్ళు, మడపొదలు తప్ప మరేమీ లేవు. నరవ వైపు నుంచి వచ్చే మేఘాద్రిగెడ్డ ఆ ఉప్పుటేటిలో కలిసి, ఇసుకమేట దాటుకుని, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా సముద్రంలో పడేది. ఆటుకి ఎండి, పోటుకి నిండే ఆ నేల మీదనే 1933లో రేవు తెరుచుకుంది. ఏటా ఎనిమిది కోట్ల టన్నులకు మించిన సరుకు ఎక్కిదిగే స్థాయికి అది ఈనాడు చేరింది.

మన సంఘ సభ్యుల కుటుంబాలలో ఈ రేవుతో ఏదో ఒక సంబంధం లేని ఇల్లు అరుదు. కొందరు రేవులోనే పనిచేశారు. కొందరు రైల్వేలో, షిప్‌యార్డులో, రిఫైనరీలో, ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. అవన్నీ ఈ రేవును ఆనుకుని పుట్టినవే. అందుచేత ఈ ప్రత్యేక సంచికలో రేవు చరిత్రను వరుసగా చెప్పుకోవడం సముచితం. చరిత్ర అంటే తేదీల జాబితా ఒక్కటే కాదు గనుక, ప్రతి విస్తరణలోనూ ఎవరికి ఏమి దక్కింది, ఎవరు ఏమి భరించారు అన్నది కూడా కలిపి చెప్పుకుందాం.

హార్బరు లేని రేవు

విశాఖకు ఓడలు రావడం కొత్త కాదు. పదకొండో శతాబ్దపు శాసనాలలో ఈ ఊరికి కులోత్తుంగచోళ పట్టణం అన్న పేరు కూడా కనిపిస్తుంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తకస్థానం పెట్టింది. ఉత్తరాన భీమునిపట్నంలో డచ్చివారి వ్యాపారం సాగింది. ఇక్కడి నేతబట్టలు వారికి ముఖ్యమైన సరుకు.

అయితే ఆ రోజుల్లో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. దూరంగా లోతు నీటిలో లంగరు వేసుకుని నిలబడేది. సరుకునూ మనుషులనూ మసూలా పడవల మీద చేరవేసేవారు. ఈ పడవల పలకలను మేకులతో కొట్టరు, కొబ్బరి తాళ్ళతో కుట్టి బిగిస్తారు. ఒడ్డున విరిగే కెరటం దెబ్బకు మేకు కొట్టిన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. ఈ తీరపు మత్స్యకారుల నైపుణ్యమే అప్పటి రేవు. తుపాను రోజుల్లో ఆ పని కూడా ఆగిపోయేది.

బ్రతుకుతెరువు కోసం బర్మా వెళ్ళిన వేలాది తెలుగువారు రంగూన్ స్టీమరు ఎక్కింది కూడా ఈ తీరంలోని రేవుల నుంచే. అక్కడ వారిని కోరంగీలు అని పిలిచేవారు. విశాఖ, భీమిలి, కాకినాడ ప్రాంతాలలో "మా తాత రంగూన్ వెళ్ళాడు" అని చెప్పుకునే కుటుంబాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

యాభై ఏళ్ళకు పైగా నలిగిన ఆలోచన

కలకత్తాకూ మద్రాసుకూ నడుమ ఉన్న పొడవాటి తీరంలో పెద్ద ఓడ తలదాచుకోవడానికి సహజమైన చోటు దాదాపు లేదు. విశాఖలో మాత్రం వెయ్యి అడుగులకు పైబడిన డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకు వచ్చి దక్షిణపు గాలిని అడ్డుకుంటుంది. దాని వెనుక విశాలమైన ఉప్పుటేరు ఉంది. ఇక్కడ రేవుకు వీలుందా అని 1858లోనే ఒక బ్రిటిషు సర్వే బృందం పరిశీలించింది. 1877లో వెలువడిన ఒక నివేదిక విశాఖపట్నాన్ని సెంట్రల్ ప్రావిన్సులకు తగిన రేవుగా చూపింది.

ఆ నివేదికలోనే అసలు సంగతి ఉంది. రేవు అవసరమని తోచింది ముఖ్యంగా కొండల అవతల ఉన్న మధ్య పరగణాల సరుకు కోసం. అక్కడి మాంగనీసు ఖనిజం దగ్గరి దారిన సముద్రం చేరాలి. రేవు ఎంత మంచిదైనా, వెనుక రైలు లేకపోతే దానికి సరుకు రాదు. తూర్పు కోస్తా రైలు మార్గం 1890లలో వాల్తేరుకు వచ్చింది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికి లైను పడింది. అక్కడి నుంచి కొండల మీదుగా రాయపూరుకు లైను పూర్తయ్యేసరికి 1931 వచ్చింది. అందుకే రేవు, రాయపూరు లైను ఒకే కాలంలో సిద్ధమయ్యాయి.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటిషు నౌకాశాఖకు చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ మేఘాద్రిగెడ్డ ముఖద్వారం వద్ద హార్బరు కట్టవచ్చని చేసిన ప్రతిపాదనను ప్రభుత్వం ఆమోదించింది. నిర్మాణ బాధ్యత బెంగాల్ నాగపూర్ రైల్వేకు అప్పగించారు.

బురదలోంచి బెర్తుల దాకా

1927లో మొదలైన పని 1933 దాకా సాగింది. సుమారు 378 లక్షల రూపాయలు ఖర్చయింది. ఇసుకమేటను చీల్చి సముద్రానికీ ఉప్పుటేరుకూ మధ్య కాలవ తవ్వారు. లోపల ఓడలు మళ్ళడానికి వలయాకారపు చోటును లోతు చేశారు. తవ్వితీసిన మట్టినే పక్కనున్న పల్లపు నేలల మీద పోసి మెరక చేశారు. రైలు యార్డులు, గోడౌన్లు, రోడ్లు వెలసింది ఆ మెరక మీదనే.

1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ లోపలికి ప్రవేశించింది. కొత్త హార్బరులో అడుగుపెట్టిన మొదటి ఓడ అదే. పరాయి పాలకులు కట్టించిన రేవులోకి తొలుత వచ్చింది స్వదేశీ కంపెనీ ఓడ కావడం గుర్తుంచుకోదగిన విషయం. ఆ ఏడాది డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ వెల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభోత్సవం చేశాడు. అప్పటికి ఉన్నవి మూడు బెర్తులు. ఏడాదికి ఎగుమతి దిగుమతులు కలిపి లక్షా ముప్ఫై వేల టన్నులు. ప్రపంచమంతా ఆర్థికమాంద్యంలో కూరుకుపోయి ఖనిజం ధరలు పడిపోయిన రోజులవి.

ప్రవేశ కాలవ ఉత్తరపు ఒడ్డున మూడు చిన్న కొండలు ఉన్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. ఓడ లోపలికి వచ్చేటప్పుడు మూడూ కనిపిస్తాయి. ఓడల మీద పనిచేసేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు గనుక, ఎవరి దణ్ణం వారు పెట్టుకోవడానికి ఆ కొండలు అనుకూలంగానే ఉన్నాయి.

తరగని ఇసుక

ఈ రేవును కట్టిన ఇంజనీర్లకు ఎదురైన అసలు సమస్య ఇసుక. మన తూర్పు తీరంలో అలలు ఒడ్డును ఏటవాలుగా కొడతాయి. నైరుతి గాలుల కాలంలో ఒడ్డు వెంబడి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. శీతాకాలంలో కొంత వెనక్కి వస్తుంది. సంవత్సరం మొత్తం మీద ఉత్తరం వైపు పోయేదే ఎక్కువ. కాలవ తవ్వి వదిలేస్తే అది కొద్దికాలంలోనే మళ్ళీ పూడిపోతుంది.

దీనికి వారు కనిపెట్టిన ఉపాయం తెలివైనది. ముఖద్వారానికి దక్షిణంగా రెండు పాత ఓడలను ముంచి వాటిని అలల అడ్డుకట్టగా వాడుకున్నారు. ఆ కట్ట చాటున నీరు నెమ్మదిస్తుంది, నెమ్మదించిన నీరు ఇసుకను అక్కడే వదిలేస్తుంది. అలా ఒకచోట చేరిన ఇసుకను డ్రెడ్జరుతో తోడి, గొట్టాల ద్వారా ఉత్తరపు ఒడ్డున పోశారు. అంటే సముద్రం చేసే పనిని ఆపకుండా, కాలవ దగ్గర మాత్రం మనిషి అందుకుని అవతలికి చేరవేశాడన్నమాట.

ఈ పనికి అంతు లేదు. కొత్త గోడ కడితే ఇసుక లెక్క మారుతుంది, కాలవ లోతు పెంచితే తోడవలసిన ఇసుక పెరుగుతుంది. అందుకే డ్రెడ్జింగ్ విభాగంవారి పని ఈ రేవుకు ఊపిరి వంటిది. 1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు విశాఖ కేంద్రం కావడం కూడా సబబే. 2019లో ఆ సంస్థలో కేంద్ర ప్రభుత్వ వాటాను విశాఖతో పాటు మరో మూడు పెద్ద రేవులు కలిసి కొనుగోలు చేశాయి.

యుద్ధం, షిప్‌యార్డు, చమురు

రెండో ప్రపంచ యుద్ధం ఈ రేవు విలువను ఒక్కసారిగా పెంచింది. 1941 జూన్ 21న వాల్‌చంద్ హీరాచంద్ తలపెట్టిన సింధియా షిప్‌యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం ఊరు ఖాళీచేసి పల్లెలకు వెళ్ళిపోయారు. ఆ సంవత్సరమే రంగూన్ జపాను చేతికి చిక్కింది. బర్మాలోని తెలుగువారు ఎందరో అడవుల గుండా కాలినడకన తిరిగివచ్చారు. ఓడ ఎక్కి వెళ్ళినవారికి తిరుగు ప్రయాణానికి ఓడ దొరకలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ ఇక్కడ జల ఉషను నీటిలోకి వదిలారు. 1952లో షిప్‌యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ ఉత్పత్తి ప్రారంభించింది. నేటి హెచ్‌పీసీఎల్ రిఫైనరీ అదే. దానితో ముడిచమురు ఓడలు రావడం మొదలైంది. 1967లో కోరమండల్ ఎరువుల కర్మాగారం వచ్చింది. తూర్పు నౌకాదళ కేంద్రం కూడా ఇక్కడే నెలకొంది. 1971 డిసెంబరు 3 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది ఈ ముఖద్వారానికి ఎంతో దూరం కాని చోటనే.

రేవు యాజమాన్యం మొదట రైల్వే చేతుల్లో ఉండేది. తరువాత కేంద్ర రవాణా శాఖ కిందికి వచ్చింది. 1963 నాటి మేజర్ పోర్టు ట్రస్టుల చట్టం ప్రకారం 1964 ఫిబ్రవరిలో విశాఖపట్నం పోర్టు ట్రస్టు ఏర్పడింది.

ఎర్ర ఖనిజం తెచ్చిన మార్పు

1960లో జపాను ఉక్కు పరిశ్రమతో కుదిరిన ఇనుప ఖనిజం ఒప్పందం ఈ రేవు రూపాన్నే మార్చేసింది. బస్తరులోని బైలదిలా కొండల నుంచి ఖనిజం తీసుకురావడానికి కొత్తవలస-కిరండోల్ రైలు మార్గం వేశారు. అనంతగిరి కొండలను తొలిచి, సొరంగాల మీద సొరంగాలు వేసి, బ్రాడ్‌గేజి లైనును సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకు తీసుకెళ్ళారు. అరకు వెళ్ళే రైలులో మనవలకు సొరంగాలు లెక్కపెట్టించే మనలో చాలామందికి ఆ లైను వేసింది ఖనిజం కోసమని తెలిసే ఉంటుంది.

ఖనిజాన్ని రైలుపెట్టెల నుంచి దింపి, గుట్ట పోసి, కన్వేయరు మీద ఓడలోకి పంపే యంత్రసముదాయం 1965లో పనిలోకి వచ్చింది. కాని లోపలి హార్బరు ఇరుకు కాలవలో పెద్ద ఓడలు రాలేవు. జపాను కంపెనీలు లక్ష టన్నుల ఓడలను వాడసాగాయి. ఓడ ఎంత పెద్దదైతే టన్నుకు పడే ఖర్చు అంత తక్కువ. అందువల్ల సముద్రంలోనే కొండరాళ్ళతో పొడవైన అడ్డుకట్టలు కట్టి, సుమారు 200 హెక్టార్ల నీటిని చుట్టి, బయటి హార్బరును నిర్మించారు. అది 1976లో పనిలోకి వచ్చింది. లోపలి హార్బరు నీటి విస్తీర్ణం అందులో సగం మాత్రమే.

తరువాత ఉక్కు కర్మాగారం వచ్చింది. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. దాని కోసం ఆస్ట్రేలియా నుంచి కోకింగ్ బొగ్గు ఓడలు బయటి హార్బరుకు వచ్చాయి. దామన్‌జోడి నుంచి నాల్కో అల్యూమినా కూడా ఈ రేవు మీదుగానే విదేశాలకు వెళ్ళింది. 2003లో కంటైనర్ టెర్మినల్ మొదలైంది. దానిని ప్రైవేటు సంస్థే కట్టి నడిపే పద్ధతిలో ఇచ్చారు. 2000 తరువాతి కొన్ని సంవత్సరాలపాటు సరుకు రవాణాలో దేశంలోని పెద్ద రేవులన్నిటిలోకి విశాఖదే మొదటి స్థానం.

చేతుల కథ

ఈ అంకెల వెనుక మనుషులు ఉన్నారు. ఒకప్పుడు గోనెబస్తాల సరుకు దింపాలంటే ఒక్కొక్క హేచి దగ్గర ఒక జట్టు ఉండాలి. కింద బస్తాలు పేర్చేవారు, వించి నడిపేవాడు, చేతి సైగతో వించిని ఆపి కదిపించేవాడు, జెట్టీ మీద అందుకునేవారు, లెక్క రాసే టాలీ గుమాస్తా, వీరందరి మీద మేస్త్రీ. ఓడ వస్తే పని, రాకపోతే పస్తు. ఎవరికి పని దొరుకుతుందన్నది మేస్త్రీ దయ.

ఈ పరిస్థితిని మార్చింది 1948లో వచ్చిన డాక్ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం. దాని ప్రకారం ఏర్పడిన డాక్ లేబర్ బోర్డులో కార్మికుడి పేరు నమోదయింది. వంతు ప్రకారం పని వచ్చింది. హాజరయి కూడా పని దొరకని రోజున హాజరు కూలి దక్కింది. తరువాత ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, ఆసుపత్రి, క్వార్టర్లు, పింఛను ఒక్కొక్కటిగా వచ్చాయి. ఇవి ఎవరూ పిలిచి ఇచ్చినవి కావు. యూనియన్లు, సమ్మెలు, చర్చల ఫలితంగా వచ్చాయి. రోజుకూలీ కొడుకు ఇంజనీరు కాగలిగాడంటే దానికి ఆధారం ఆ నమోదు పుస్తకంలోని ఒక పేరు.

యంత్రాలు వచ్చినకొద్దీ లెక్క తిరగబడింది. కన్వేయరు వచ్చినచోట జట్టు అవసరం లేదు. కంటైనరు వచ్చాక గోనెబస్తాలు తగ్గాయి, హుక్కు పట్టిన చేతికి పని తగ్గింది. 1997లో వచ్చిన చట్టం డాక్ లేబర్ బోర్డులను రేవు సంస్థలలో కలిపివేయడానికి దారి వేసింది. విశాఖలోనూ అదే జరిగింది. రిటైరయినవారి స్థానాలు చాలావరకు భర్తీ కాలేదు. సరుకు పెరిగింది, శాశ్వత ఉద్యోగులు తగ్గారు. పనిలో ఎక్కువ భాగం కాంట్రాక్టు పద్ధతికి మారింది.

యంత్రం వద్దని ఎవరూ అనరు. బస్తా మోసి నడుము విరిగినవాడు అసలే అనడు. ఎండలో, దుమ్ములో, వించి తాడు కింద ఆ పని ఎంత ప్రమాదమో చేసినవారికి తెలుసు. కాని జట్టుకు ఉన్న రక్షణ, నేడు యంత్రం పక్కన నిలబడే కాంట్రాక్టు కుర్రవాడికి ఉందా అన్న ప్రశ్న మిగిలే ఉంది. పింఛను తీసుకుంటున్న మనం అడగకపోతే ఆ ప్రశ్న అడిగేవారు తక్కువ.

ఊరు భరించినది

రేవు ఊరిని పెంచింది. అదే రేవు ఊరి మీద ధూళినీ పోసింది. ఖనిజపు ఎర్రదుమ్ము, బొగ్గు నల్లదుమ్ము పాతనగరం ఇళ్ళలోకి చేరడం దశాబ్దాల నాటి బాధ. ఆరేసిన బట్టలు, మంచినీళ్ళ బిందెలు, పసిపిల్లల దగ్గు, ఇవన్నీ వన్‌టౌన్ ఇల్లాళ్ళకు తెలిసిన సంగతులు. గుట్టల మీద నీళ్ళు చల్లడం, చెట్లు పెంచడం, సరుకును కప్పిన షెడ్లలో ఉంచడం వంటి చర్యలను రేవువారు చేపట్టారు. ప్రజల ఫిర్యాదులు, పత్రికల వార్తలు లేకుండా అవి ఆ మాత్రం ముందుకు సాగేవి కావు.

రెండోది బీచి. బయటి హార్బరు అడ్డుకట్టలు ఉత్తరానికి పోయే ఇసుకను ఆపుతాయి. ఆ మేరకు రామకృష్ణా బీచి కోసుకుపోతుంది. అందుకే అడ్డుకట్ట వద్ద చేరిన ఇసుకను తోడి బీచికి పోయడం రేవు బాధ్యతలలో ఒకటిగా మారింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు బీచిరోడ్డు అంచులు తెగిపోవడం మనం కళ్ళారా చూశాం. ముందు చెప్పుకున్న ఇసుక లెక్క ఇంజనీర్ల పుస్తకంలోనిది మాత్రమే కాదని ఆ రోజు నగరమంతటికీ తెలిసివచ్చింది.

నేడు, రేపు

విస్తరణ ఆగలేదు. 2010 తరువాతి సంవత్సరాలలో లోపలి హార్బరు కాలవనూ బెర్తులనూ లోతు చేసి, పనామా కాలవలో పట్టేంత పెద్ద ఓడలు రావడానికి వీలు కల్పించారు. ఖనిజం ఎగుమతి విభాగాన్ని 2015లో ప్రైవేటు నిర్వహణకు అప్పగించారు. 2021 నాటి కొత్త చట్టంతో పోర్టు ట్రస్టు పోయి విశాఖపట్నం పోర్టు అథారిటీ వచ్చింది. 2023 సెప్టెంబరులో విహారనౌకల టెర్మినల్ ప్రారంభమైంది. 2023-24లో సరుకు ఎనిమిది కోట్ల టన్నులు దాటింది. మూడు బెర్తులతో మొదలైన 1933 నాటి లెక్కకు ఇది ఆరువందల రెట్లు.

పోటీ కూడా పెరిగింది. పక్కనే గంగవరంలో 2009 నాటికి ప్రైవేటు రేవు వచ్చి ఉక్కు కర్మాగారపు బొగ్గును పంచుకుంది. కాకినాడ, కృష్ణపట్నం ముందునుంచీ ఉన్నాయి. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట రేవులకు 2022, 2023 సంవత్సరాలలో శంకుస్థాపనలు జరిగాయి. కొండల అవతలి సరుకు ఇక ఒక్క విశాఖకే రావాలన్న నియమం లేదు. సరుకు ఏ రేవుకు వెళ్ళాలన్నది ఖర్చు, లోతు, వేగం నిర్ణయిస్తాయి. ఒక రేవు మంచిచెడ్డలను మాత్రం సరుకు లెక్కతోనే తేల్చలేం. అక్కడ పనిచేసేవాడి భద్రత, పక్కనున్న ఊరి గాలి, ఉత్తరాన ఉన్న బీచి, ఈ మూడూ ఆ లెక్కలో చేరాలి. తొంభై ఏళ్ళ అనుభవం చెబుతున్నది ఇదే.

చివరిగా సభ్యులకు ఒక మనవి. కట్టడాల తేదీలు రికార్డులలో ఉంటాయి. జట్టులో ఎంతమంది ఉండేవారు, ఏ సరుకు దించడం కష్టం, వించి సైగలు ఎలా ఉండేవి, డ్రెడ్జరు మీద రాత్రి డ్యూటీ ఎలా గడిచేది, ఏ ప్రమాదం తరువాత ఏ నియమం వచ్చింది, ఇవి రికార్డులలో దొరకవు. అవి తెలిసినవారు మనలోనే ఉన్నారు, ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. రాయగలిగినవారు రాయండి. రాయలేనివారు చెబితే, ఇంట్లో పిల్లలు రాసిపెట్టండి. ఒక్క పేజీ అయినా చాలు, సంఘ కార్యాలయానికి అందజేస్తే రాబోయే సంచికలలో వరుసగా వేసుకుందాం.